రేకులు వేసినాయన

నలభై ఒకటి. నీళ్ళు తాగి వచ్చినా నూటికి నలభై ఒకటే, కిటికీలోంచి విమానాల మైదానం వైపు చూసి వచ్చినా నలభై ఒకటే, అసలు కదులుతోందా లేక మొండికేసి కూర్చుందా అని యానెంగ్ తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగితే అప్పుడు, ఎవరో వెనక నుంచి తోసినట్టు, నలభై రెండు అయింది. గోడ గడియారం ఎనిమిదీ పది. తొమ్మిదిన్నరకి విమానం. పది దాటితే లోయ మీదికి మబ్బు దిగుతుంది, మబ్బు దిగితే పైలట్ దేవుడు చెప్పినా ఆగడు. ఈలోగా ఈ ముసలి లాప్‌టాప్ ముప్పై ఒక్క వేల వచనాలూ చదవాలి, చదివిన ప్రతి మాటా ఎక్కడెక్కడ ఉందో రాసుకోవాలి, అంటే ‘నీళ్ళు’ అనే మాట ఏ పుస్తకంలో ఏ అధ్యాయంలో ఉంది, ‘పంది’ ఎక్కడ ఉంది, ‘నవ్వింది’ ఎక్కడ ఉంది, అన్నీ. పిన్ని సోంబేక్ ఉంది కదా, ఇరవై ఏళ్ళ కిందటి విందులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరికి పంది తొడ పెట్టారో, ఎవరికి చెవి పెట్టి సరిపుచ్చారో ఇప్పటికీ చెప్తుంది, అలాంటి జ్ఞాపకం ఒకటి ఈ యంత్రానికి కట్టిపెట్టడమన్నమాట, ఇండెక్స్ అంటారు దాన్ని. అది ఉంటేనే రేపు ఎవరైనా ఫోనులో ఒక మాట కొడితే వచనాలు టక్కున వచ్చి నిలబడతాయి. అది లేకపోతే బైబిలు ఉంటుంది, వెతుకులాట ఉండదు. ఇక్కడివాళ్ళ చౌక ఫోన్లకి ఆ పని అప్పగిస్తే వేడెక్కి చచ్చి ఊరుకుంటాయి కాబట్టి ఒక్కసారి ఇక్కడే కట్టి, మెమరీ కార్డులో పెట్టి, లే అనే పట్టణానికి పంపితే అక్కడ ఆరు వందల కార్డుల్లోకి ఎక్కించి శనివారం విమానంలో తిరిగి పంపుతారు. ఆదివారం పండగ. నలభై మూడు.

బయట అరుగు మీద తొమ్మిది మంది ఆడవాళ్ళు వక్కా సున్నం నములుతూ కూర్చున్నారు. ఈ బైబిలును మళ్ళీ టైపు చేసింది వాళ్ళే. పుస్తకంగా అచ్చయి తొమ్మిదేళ్ళయింది గానీ దాని కంప్యూటర్ ప్రతులన్నీ కొండచరియ విరిగిపడిన రోజున పాత ఆఫీసుతో సహా బురదలో కలిసిపోయాయి, పాస్టర్ జురేవే మూడు రోజులు తవ్వించి ఒక కీబోర్డు బయటికి తీసి అది పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు యానెంగ్‌కి వచ్చింది ఈ ఆలోచన, ఊరికి ఒక ఆడమనిషి, మనిషికి కొన్ని పుస్తకాలు, అచ్చుబైబిలు ముందు పెట్టుకుని కొట్టుకుంటూ పోవడమే. అందరూ నవ్వారు. చిలగడదుంపలు తవ్వే చేతులకి ఆ చిన్న మీటలు ఎలా అందుతాయన్నారు. అందాయి. అమ్మ గేసెంగ్‌కి అరవై ఒకటి, రెండే రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు, అపొస్తలుల కార్యాలు మొత్తం కొట్టింది. అదే ఎందుకమ్మా అంటే అందులో ఓడ ప్రయాణాలు ఎక్కువున్నాయే, నేనెక్కడికి వెళ్ళాను గనక, అంది. వానాకాలం మొత్తం పట్టింది. ఓడ పగిలిన అధ్యాయం దగ్గరికి వచ్చినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు ఆవిడకి. ఆదివారం వేదిక మీద అందరికన్నా ముందు అమ్మని కూర్చోబెట్టాలని నిర్ణయమైంది, వయసులో పెద్దది కాబట్టి, దాని కోసం ఆవిడ కొత్త సంచి ఒకటి అల్లుకుంది, నీలం రంగు చాలక చివర్లో ఎరుపు కలిపింది. నలభై తొమ్మిది. చూడకుండా ఉంటే పరిగెడుతుంది కాబోలు.

చూడకూడదు అనుకుంటే చూడకుండా ఉండడం ఎవరి తరం. యాభై ఆరు. ఈ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు, అదే దీని గొప్ప. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, తీరిక వేళల్లో తలా ఒక ముక్క కట్టి అందరి మధ్యా పెట్టారు. తలుపు తాళం లేని వంటిల్లు లాంటిది, ఉప్పు తక్కువైతే నువ్వే వేసుకోవచ్చు. కిందటేడు ఇండెక్స్ కట్టడం సగంలో ఆగిపోతోందని యానెంగ్ ఉత్తరం రాస్తే ఎక్కడో మంచు పడే దేశం నుంచి ఒకాయన నాలుగు లైన్ల జవాబు రాశాడు, ఇదిగో ఈ ఫైలు తెరువు, ఇక్కడ ఈ మాట మార్చు, అలాగే ఒకే అర్థానికి రెండు మాటలుంటే రెండోది ఈ జాబితాలో రాసి పెట్టు, ఏది కొట్టినా ఒకే చోటికి తీసుకెళ్తుంది, అని. చివర్లో మీ ఊళ్ళో వాతావరణం ఎలా ఉంది అని అడిగాడు. వాన అని రాసింది. అప్పటినుంచి ఆయన ప్రతి ఉత్తరంలోనూ వాన తగ్గిందా అని అడుగుతాడు, పాపం, తగ్గదని ఎవరు చెప్పాలి ఆయనకి. డెబ్బై రెండు. ఆయన చెప్పిన ఆ జాబితా సంగతి మాత్రం ఆమె ఇంతవరకూ ముట్టుకోలేదు. మన భాషలో ఏ మాటకి ఆ మాటే ఉంది, రెండోది ఎందుకు అనుకుంది. ఎనభై. బయట ఎవరో పెద్దగా నవ్వారు, సోంబేక్ పిన్నే అయి ఉంటుంది, ఆవిడ నవ్వు మొదలుపెడితే అవతలి గట్టు మీది పందులు కూడా తలెత్తుతాయి. తొంభై నాలుగు. తొంభై తొమ్మిది దగ్గర ఒక యుగం గడిచింది. ఎనిమిదీ నలభై రెండుకి, ఏ చప్పుడూ లేకుండా, నూరు.

ముందు ‘చిలగడదుంప’ అని కొట్టింది, ఊరికే కొంటెతనానికి, ఒక్కటీ లేదు, ఉండదని తెలుసు. ‘పంది’ అని కొట్టింది, గబగబా వచ్చాయి, కానీ ఒక్కచోటైనా పందికి మర్యాద లేదు, మన ఊరి పెద్దలు చూస్తే నొచ్చుకుంటారు. ‘నవ్వింది’ అంటే శారా వచ్చింది. అప్పుడు, ఇంక ఎవరూ చూడడం లేదు కదా అని, మొగుడి పేరు కొట్టింది. బర్నబా. ఆ పేరు పలకడానికి ఆమెకి అడ్డు లేదు, పెళ్ళానికి ఆ వెసులుబాటు ఉంది. పౌలుతో కలిసి ఊళ్ళు తిరిగిన ఆ పాతకాలపు బర్నబా ఇరవై ముప్పై చోట్ల వస్తాడని ఆమె లెక్క, చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్న కథలన్నీ ఆయనవే. ఐదు వచ్చాయి. గలతీలో మూడు, కొరింథీలో ఒకటి, కొలస్సీలో ఒకటి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఐదే. అపొస్తలుల కార్యాల్లో సున్నా. ఆయన బతికిందే ఆ పుస్తకంలో కదా. అమ్మ పేజీలు వదిలేసింది, రెండేసి పేజీలు ఒకేసారి తిప్పేసింది, కళ్ళు సరిగా ఆనవు, నేనే దగ్గరుండి చూడాల్సింది, నా తప్పే, ఆరు వందల ఫోన్లలోకి చిల్లులు పడిన బైబిలు వెళ్ళబోయింది, అనుకుంటూ పదమూడో అధ్యాయం తెరిచింది. ఒక్క వచనం కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. పౌలూ, రేకులు వేసినాయనా ఓడ ఎక్కి కుప్ర ద్వీపానికి వెళ్ళారు.

రేకులు వేసినాయన. యానెంగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పేజీ తిప్పింది. రేకులు వేసినాయన సభలో లేచి ధైర్యంగా మాట్లాడాడు. ఇంకోచోట, ఒక ఊరివాళ్ళు పౌలునీ రేకులు వేసినాయననీ చూసి దేవుళ్ళే దిగివచ్చారనుకుని ఎడ్లనీ పూలదండలనీ తెచ్చారు. ఇంకా ముందు, అందరూ సౌలుని చూసి భయపడి దూరం జరిగితే రేకులు వేసినాయన ఒక్కడే అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇరవైకి పైగా చోట్ల, అప్పటి మనిషికి, ఆ పొలం అమ్మి డబ్బంతా తెచ్చి ఇచ్చేసిన మహానుభావుడికి, అమ్మ తన అల్లుడి పేరు పెట్టింది. పేరు కాదు, పేరు పలకరాదు గనక పేరుకి బదులు పెట్టుకున్న మాట. అత్త అల్లుడి పేరు పలకదు, అల్లుడు అత్త పేరు పలకడు, ఎదురుపడితే ఒకరు దారి తప్పుకుంటారు, ఒకే కుండలోది తినరు, మొహం చూసుకోరు, ఇది కొండ పుట్టినప్పటినుంచీ ఉన్నది. పలకకూడదని అందరికీ తెలుసు. రాయకూడదు కూడా అని ఎవరూ అనుకోలేదు, అనుకోవాల్సిన అవసరం ఎప్పుడు వచ్చింది గనక. మరి సరిచూసినప్పుడు ఎలా తప్పించుకుంది ఇది? సరిచూసింది సోంబేక్ పిన్ని. అమ్మ అచ్చుపుస్తకం పట్టుకుని పైకి చదవడం, పిన్ని తెర మీద చూస్తూ ఊఁ కొట్టడం. ఆ పేరు వచ్చినప్పుడల్లా అమ్మ రేకులు వేసినాయన అని చదివి ఉంటుంది, తెర మీదా అదే ఉంది, పిన్నికీ ఆయన అల్లుడి వరసే, ఇద్దరికీ చెవిలో ఏ ముల్లూ గుచ్చుకోలేదు. తిలాపాపం తలా పిడికెడు.

రేకులు. పదకొండేళ్ళ కిందట, పెళ్ళయిన రెండో నెలలో, సముద్రపు ఒడ్డునుంచి వచ్చిన ఆ పొడుగు కుర్రాడు ఇరవై రెండు రేకులు భుజాన వేసుకుని, తమ్ముడి సాయంతో రెండు రోజులు కొండ ఎక్కించి, అమ్మ ఇంటి గడ్డికప్పు పీకి వేసిన రేకులు. అతను నిచ్చెన ఎక్కగానే అమ్మ ఇల్లు వదిలి చెల్లెలింటికి వెళ్ళి మూడు రోజులు తిరిగి రాలేదు. అల్లుడు నెత్తి మీద ఉండగా అత్త కింద ఉండకూడదు కదా, కానీ ఒడ్డువాళ్ళకి ఇంత పట్టింపు లేదు, అతనికి అది తెలియలేదు, తెలిశాక కూడా నమ్మలేదు. మీ అమ్మకి నేనంటే పడదు, అన్నాడు ఆ రోజు. తర్వాత ఆ మాట అనడం మానేశాడు గానీ అనుకోవడం మానలేదు, యానెంగ్‌కి తెలుసు, పండగలకి అత్తగారింటికి కట్టెలు మోసుకెళ్ళి గుమ్మంలో పడేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తాడు. ఉప్పునీళ్ళవాడు అని ఊరంతా అంటుంది, అత్త కూడా చాటున అదే అంటుందని అతని నమ్మకం. ఇదిగో, చాటున అనేది ఇది. పరిశుద్ధ గ్రంథంలో, రెండు వేళ్ళతో, ఒక వానాకాలమంతా. యానెంగ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొట్టలో నవ్వు తిరిగింది, రెండూ ఒక్కసారే.

ఎనిమిదీ యాభై. ఇప్పుడేం చెయ్యాలి. ఉన్నది ఉన్నట్టు పంపేస్తే ఆదివారం లే నుంచి వచ్చే పెద్ద పాస్టర్ గుడ్డ తెర మీద అందరి ముందూ పిల్లల చేత పేర్లు వెతికిస్తాడు, పేతురు, పౌలు, తర్వాత తప్పకుండా బర్నబా, మొదటి వరసలో కొత్త సంచి ఒళ్ళో పెట్టుకుని అమ్మ, తెర మీద రేకులు వేసినాయన ఓడ ఎక్కుతూ. తొమ్మిది ఊళ్ళ జనం. ముసలావిడ బైబిల్లోకి అల్లుణ్ణి ఎక్కించిందని పాటలు కడతారు మనవాళ్ళు, అమ్మ ఇంక గుడిమెట్లు ఎక్కదు. సరిచేస్తే? మాటలు మార్చడం ఒక్క నిమిషం పని. కానీ ఇండెక్స్ మొత్తం మళ్ళీ కట్టాలి, పాతది చెరిపితే గానీ కొత్తదానికి ఈ డబ్బాలో చోటు లేదు, కట్టడానికి యాభై నిమిషాల పైమాట. గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా వేళ్ళు అప్పటికే కదిలాయి, ఇరవై పైచిలుకు చోట్లా రేకులు వేసినాయన పోయి బర్నబా వచ్చి కూర్చున్నాడు, చెరిపెయ్యనా అని యంత్రం అడిగితే ఊఁ అంది. ఇంక కొత్తది మొదలుపెట్టమని నొక్కబోయి ఆగింది. ఆదివారం అమ్మ చేతికి ఫోను వస్తుంది. అమ్మకి ఇష్టమైన మనిషి ఆయనే, ఆ ఓడలాయన, ముందు ఆయన్నే వెతుకుతుంది. ఏమని కొడుతుంది?

యానెంగ్ లేచి అరుగు మీదికి వెళ్ళింది. విషయం దాచడానికి టైము లేదు. అమ్మా, నువ్వు కొట్టినదాంట్లో ఒక పేరుకి బదులు వేరే మాట పెట్టావు, అంది నెమ్మదిగా. గేసెంగ్ సున్నపు కాయ మూత బిగించి పక్కన పెట్టింది.

“తప్పు కొట్టానా?” అంది.

“తప్పు కాదమ్మా. పుస్తకంలో ఉన్నది మాత్రం అది కాదు.”

“పుస్తకంలో ఏముందో నాకు తెలీదా? చదివే కదే కొట్టాను. మరెలా కొట్టమంటావు ఆ పేరు? వేళ్ళు మాత్రం నోరు కాదూ?”

ఎవరూ నవ్వలేదు. మిగతా ఎనిమిది మందీ తలలూపారు, నోరే కదా, అన్నట్టు. అప్పుడు అర్థమైంది యానెంగ్‌కి. ఒక్క అమ్మ కాదు. ఈ లోయలో ప్రతివాళ్ళకీ ఎవరో ఒక అల్లుడో మామో బావగారో ఉన్నారు, అందరివీ బైబిలు పేర్లే, పాస్టర్లు పెట్టినవే. పేతురు అత్త పేతురుని ఎలా వెతుకుతుంది? యాకోబు కోడలు యాకోబుని? ఇంత కష్టపడి ఇన్ని రోజులు కట్టినది ఊళ్ళో సగం మంది ముట్టుకోలేని తలుపు. యానెంగ్‌కి మాత్రం తెలియదా? పుస్తకాలు పంచుకున్న రోజున రెండో సువార్త తన వంతుకి వస్తే కడుపునొప్పి అని కుంటిసాకు చెప్పి తప్పించుకుంది తనే కదా, మామగారి పేరు ప్రతి పేజీ పైనా కొట్టాల్సి వస్తుందని. తన నొప్పి తనకి తెలిసింది, అమ్మది తట్టలేదు. సిగ్గుపడింది, నిజంగానే. మంచు దేశపాయన చెప్పిన జాబితా అప్పుడు గుర్తొచ్చింది. గ్రంథంలో ఒక్క అక్షరం మారనక్కర్లేదు. ఇండెక్స్ అంటే గుమ్మంలో నిలబడి దారి చెప్పే మనిషే కదా, ఎవరు ఏ మాటతో అడిగినా సరైన ఇల్లే చూపిస్తే చాలు.

లాప్‌టాప్ అరుగు మీదికి తెచ్చింది. ఒక్కో పేరూ నేను చదువుతాను, ఎవరికి అడ్డు ఉందో వాళ్ళు మీరేమంటారో చెప్పండి, అంది. పేతురు అనగానే ముగ్గురు తల దించుకున్నారు, ఒకావిడ చెంగుతో మూతి కప్పుకుని, కుక్కలాయన, అంది, ఇంకొకావిడ, ఎడమచేతివాడు, అంది. యాకోబుకి కాఫీతోటాయన. తిమోతికి మా నిద్రమొహం. అది పెట్టకూడదేమో అంటే పెట్టాల్సిందే అని ఆవిడ పట్టుబట్టింది, అతను ఎనిమిదింటికి గానీ లేవడట. నవ్వులు. పావుగంటలో అయ్యే పని కాదని తెలుసు, ఇంటికో మాట ఉంటుంది, వచ్చే ఏడాదంతా ఊరూరా తిరిగి రాసుకోవాలి, ఇప్పటికి పదకొండు చాలు. తర్వాతి పేరు దగ్గరికి వచ్చేసరికి యానెంగ్ నోరు మూతబడింది. సోంబేక్ పిన్ని ఎదురుచూస్తున్నట్టుంది, తొంగిచూసి, మార్కు, అని గట్టిగా చదివి, చెప్పవే, మీ మామగారిని ఏమంటావు, అంది. వలలు ఎండేసే పెద్దాయన, అంది యానెంగ్, చెవులు వేడెక్కుతుండగా, టైపు చేస్తూ. చివరికి, అమ్మని అడక్కుండానే, రేకులు వేసినాయన అని రాసి దాని ఎదురుగా బర్నబా అని పెట్టింది. తొమ్మిదీ ఆరుకి మొదలుపెట్టమని నొక్కింది. ఒకటి. రెండు.

అరుగు మీద ఇప్పుడు పది మంది ఒకే తెర చూస్తున్నారు. తక్కువమంది చూస్తుంటే వేగంగా వెళ్తుందేమో అని ఒకావిడ కాస్త దూరం జరిగింది. చూడడానికి ఖర్చు లేదులే అన్నారు. పదిహేడు. ఇరవై ఆరు. ఈసారి కాస్త చురుగ్గానే ఉన్నట్టుంది, యంత్రానికి కూడా ఒకసారి నడిచిన దారి అలవాటవుతుందా, అలా ఏమీ ఉండదు, ఆశకి అలా కనబడుతుంది. ముప్పై తొమ్మిది. అవతలి శిఖరం మీద దూదిపింజంత మబ్బు. తొమ్మిదీ ముప్పై రెండుకి మోత వినిపించింది, పిల్లలు మైదానం మీది పందుల్ని తరిమారు, విమానం వాలింది. యాభై ఐదు. బియ్యం, కిరోసిన్, మేకుల డబ్బాలు దింపి కాఫీ బస్తాలు ఎక్కించడానికి ఇరవై నిమిషాలు. మబ్బు చాపంత అయింది. డెబ్బై ఎనిమిది దగ్గర, మైదానం పనులు చూసేది బర్నబాయే గనక, అతనే వచ్చాడు, కార్డు కోసం, చెమటతో, అరుగుకి పది అడుగుల దూరంలో ఆగి పక్కకి తిరిగి నిలబడ్డాడు. అత్త కూడా పక్కకి తిరిగి మొహం కనబడకుండా సంచి నెత్తి మీదికి లాక్కుంది. పైలట్ ఇంజను ఆపలేదు, ఐదు నిమిషాలే అంటున్నాడు, ఉన్నది ఇచ్చేయ్ యానెంగ్, అన్నాడు.

ఉన్నది అంటూ ఏమీ లేదు. డెబ్బై ఎనిమిది నూరు కాదు, పాతది చెరిగిపోయింది. ఇంకో పది నిమిషాలు కావాలని ఆమె చెప్పలేకపోయింది, ఒక కూతురి తెలివి, ఒక తల్లి వానాకాలం, ఆరు వందల ఫోన్లు, అన్నీ కలిసి ఆ ఇరవై రెండు అంకెల్లో ఇరుక్కున్నాయి. అప్పుడు గేసెంగ్ మాట్లాడింది. పదకొండేళ్ళలో అల్లుడు వినేలా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు కూడా అతనితో కాదు, అరుగు గుంజతో అంది.

“ఓ గుంజా, రేకులు వేసినాయనతో చెప్పు. ఆ విమానాన్ని ఇంకో పది నిమిషాలు ఆపమను. ఆయన పూనుకుంటే ఆగుతుంది.”

బర్నబా కదల్లేదు. “రేకులు వేసినాయన ఎవరు?” అన్నాడు, పెళ్ళాన్ని చూస్తూ, మెల్లిగా. అరుగు మీద అందరూ ఒక్కసారే నేలకేసి చూశారు. నువ్వే, అంది యానెంగ్. అప్పటినుంచీ అదే నీ పేరు.

అత్త వైపు తిరగకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, అతను గుంజకేసి చూసి, ఆపుతానని చెప్పు, అన్నాడు. తర్వాత పరుగు. నలభై ఏళ్ళ మనిషి, గట్టు దిగి, కంచె దూకి, కాఫీ బస్తాల మధ్యనుంచి, తిరుగుతున్న ఇంజను ముందు దూరంగా నిలబడి రెండు చేతులూ బార చాపాడు. పైలట్ అరుస్తున్నాడు, ఏమిటో వినబడదు, అతను మాత్రం కదలడం లేదు. ఎనభై ఆరు, అంది సోంబేక్ పిన్ని పైకి, ఇప్పుడు లెక్క ఆవిడే చెప్తోంది, ఎనభై ఏడు. గేసెంగ్ నెత్తి మీంచి సంచి తీసింది. తల తిప్పి, మైదానంలో చేతులు చాపి నిలబడ్డ అల్లుణ్ణి తనివితీరా చూసింది. అమ్మా, అంది యానెంగ్ కంగారుగా.

“వీపే కదే,” అంది గేసెంగ్. “వీపు చూస్తే తప్పు లేదు.”